ఎయిర్‌పోర్ట్‌లో బూట్లు ఎందుకు విప్పించారు? ఒక్క రూల్ పోవడానికి 19 ఏళ్లు

ఈరోజు ఒక చిన్న వార్తతో మొదలుపెడదాం. 2025 జూలైలో అమెరికా ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ దగ్గర ఇక అందరూ బూట్లు విప్పక్కర్లేదు. అంతే వార్త. కానీ అక్కడ ఉన్న మన ఐటీ వాళ్లలో వారం వారం ఫ్లైట్ ఎక్కే కన్సల్టెంట్లు ఉంటారు కదా, సోమవారం పొద్దున వెళ్లి గురువారం రాత్రి వచ్చేవాళ్లు, వాళ్లకి మాత్రం ఇది పండగే.

నాకు వచ్చిన డౌట్ ఒక్కటే. 2001లో ఒకడు బూటులో బాంబు పెట్టుకుని వస్తే, 2025 దాకా ఊరందరి బూట్లూ ఎందుకు విప్పించారు?

కోడ్ రాసే ఉద్యోగం చేసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. పాత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడో ఒక ఇఫ్ కండిషన్ ఉంటుంది. ఎవరు రాశారో తెలీదు, రాసినవాడు కంపెనీ వదిలి పదేళ్లయింది. తీసేస్తే ఏం కూలుతుందో అని ఎవడూ ముట్టుకోడు. పైన ఇంకో కండిషన్ రాసుకుంటూ పోతారు. ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ కూడా అచ్చం అలాంటి కోడే. కాకపోతే దీనిలో ఏ లైన్ ఏ రోజు చేరిందో చాలావరకు మనకి తెలుసు.

సో, వెనక్కి వెళ్దాం. 1960ల అమెరికా. టికెట్ కొనుక్కుని నేరుగా విమానం దాకా నడిచి వెళ్లిపోవచ్చు. బ్యాగ్ తెరవరు, మెటల్ డిటెక్టర్ లేదు. మరి హైజాక్‌లు జరగలేదా అంటే, మామూలుగా జరగలేదు! 1968 నుంచి 1972 మధ్యలోనే 130కి పైగా అమెరికన్ విమానాలు హైజాక్ అయ్యాయి. ఎక్కువమంది డిమాండ్ ఒకటే, క్యూబాకి తీసుకెళ్లమని. ఇది ఎంత మామూలైపోయిందంటే, ఫ్లోరిడాలో హవానా ఎయిర్‌పోర్ట్‌కి ఒక నకిలీ సెట్ కట్టి, హైజాకర్లని అక్కడ దించి పట్టుకుందాం అనే ఐడియా కూడా వచ్చింది. సినిమా కథ కాదండీ, నిజంగా వచ్చిన ప్రతిపాదన. ఖర్చు ఎక్కువని వదిలేశారు.

మరి అందరినీ చెక్ చేయొచ్చు కదా? ఎయిర్‌లైన్స్ ఒప్పుకోలేదు. వాళ్ల లెక్క ఏంటంటే, అప్పుడప్పుడు ఒక విమానం క్యూబా వెళ్లొస్తే వచ్చే నష్టం కన్నా, ప్రయాణికులందరి జేబులూ తడిమితే పోయే వ్యాపారం ఎక్కువ. కస్టమర్‌కి చిరాకొస్తే కారులో వెళ్లిపోతాడు అని భయం. అంటే తరచూ ఫ్లైట్ ఎక్కేవాడి చిరాకు ఈరోజుది కాదు. అసలు సెక్యూరిటీ అనేది రాకముందే ఆ చిరాకుని లెక్కేసి దాన్ని ఆపారు.

1972 నవంబర్‌లో ఆ లెక్క తిరగబడింది. సదరన్ ఎయిర్‌వేస్ ఫ్లైట్ 49ని ముగ్గురు హైజాక్ చేశారు. డబ్బు ఇవ్వకపోతే విమానాన్ని టెనెస్సీలో ఓక్ రిడ్జ్ అణుకేంద్రం మీద కూల్చేస్తామన్నారు. దాదాపు 30 గంటలపాటు విమానం ఊళ్లన్నీ తిరిగి చివరికి క్యూబాలో దిగింది. అప్పటిదాకా హైజాక్ అంటే ప్రయాణం కాస్త ఆలస్యమవడం. ఇప్పుడు విమానమే బాంబు అయ్యే అవకాశం కళ్లముందు కనిపించింది. 1973 జనవరి 5 నుంచి అమెరికాలో ప్రతి ప్రయాణికుడినీ, ప్రతి హ్యాండ్ బ్యాగ్‌నీ చెక్ చేయడం మొదలైంది. ఎయిర్‌లైన్స్ భయపడినట్టు జనం కార్లెక్కి పారిపోలేదు. లైన్లో నిలబడ్డారు. హైజాక్‌లు కూడా ఒక్కసారిగా పడిపోయాయి. ఈ మొదటి రూల్ నిజంగా పనిచేసింది, ఆ మాట ఒప్పుకోవాలి.

అదే ఏడాది ఒక అప్పీల్ కోర్టు కూడా దీన్ని సమర్థించింది. వారెంట్ లేకుండా నా బ్యాగ్ ఎలా తెరుస్తారు అని ఒకతను అడిగితే, ఇలాంటి చెకింగ్ సబబే, కాకపోతే ఇష్టం లేనివాడికి విమానం ఎక్కకుండా వెనక్కి తిరిగే ఛాయిస్ ఉండాలి అంది. చెక్ అవ్వు, లేదా ఎక్కకు. చట్టం ఇప్పటికీ దాదాపు అక్కడే ఉంది.

ఇక్కడ మనవాళ్ల విషాదం ఒకటి చెప్పాలి. 1985 జూన్ 23న ఎయిరిండియా ఫ్లైట్ 182 ఐర్లాండ్ తీరం దగ్గర ఆకాశంలోనే పేలిపోయింది. 329 మంది చనిపోయారు, ఎక్కువమంది భారత సంతతి కెనడియన్లు. బాంబు ఉన్న సూట్‌కేస్ విమానం ఎక్కింది, దాన్ని చెకిన్ చేసిన మనిషి ఎక్కలేదు. మనిషి ఎక్కకపోతే అతని సామాను దించేయాలి అనే రూల్‌ని గట్టిగా అమలు చేయాలని అప్పుడే అందరికీ తెలిసింది. తెలిసి ఏం లాభం? 1988 డిసెంబర్‌లో స్కాట్లాండ్‌లోని లాకర్బీ మీద పాన్ యామ్ 103 పేలింది. 270 మంది పోయారు. మళ్లీ మనిషి తోడు లేని సూట్‌కేసే.

ఈ రూల్ వల్ల మీకు ఏ ఇబ్బందీ లేదు, గమనించారా? మీ బ్యాగ్‌కీ మీకూ లెక్క సరిపోయిందా అని తెర వెనక ఎవరో చూసుకుంటారు. మీకు తెలియను కూడా తెలియదు. నిజంగా ప్రాణాలు కాపాడే రూల్స్‌లో చాలా ఇలాంటివే. అవి లైన్లో కనపడవు.

కనపడే వాటిలో ఒక విచిత్రమైన కథ ఐడీ కార్డుది. 1996 జూలై 17న న్యూయార్క్ నుంచి పారిస్ వెళ్తున్న టీడబ్ల్యూఏ 800 విమానం టేకాఫ్ అయిన కొద్ది నిమిషాలకే పేలిపోయింది. 230 మంది చనిపోయారు. అందరూ బాంబే అనుకున్నారు. దాని తర్వాతే అమెరికాలో డొమెస్టిక్ ఫ్లైట్లకి ఫొటో ఐడీ అడగడం గట్టిపడింది. నాలుగేళ్లు దర్యాప్తు చేసి 2000లో తేల్చింది ఏంటంటే, అది బాంబు కాదు. ఇంధన ట్యాంకులో ఆవిరి అంటుకుని పేలింది, బహుశా షార్ట్ సర్క్యూట్ వల్ల. కారణం తప్పని తేలింది కదా, మరి రూల్ తీసేశారా? లేదు. పైగా దీనిలో ఎయిర్‌లైన్స్‌కి ఒక లాభం ఉంది. అంతకుముందు వాడుకోని టికెట్‌ని పేపర్లో ప్రకటన ఇచ్చి ఇంకొకరికి అమ్ముకునేవాళ్లు. ఐడీ వచ్చాక ఆ బేరం మూతపడింది.

దీని మీద ఒక ప్రోగ్రామర్ పోరాడాడు. పేరు జాన్ గిల్మోర్, సన్ మైక్రోసిస్టమ్స్ తొలి ఉద్యోగుల్లో ఒకడు. 2002 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినాన, కావాలనే ఐడీ చూపించకుండా ఫ్లైట్ ఎక్కబోయాడు. ఎక్కనివ్వలేదు. సరే, ఐడీ చూపించాలని రాసి ఉన్న రూల్ నాకు చూపించండి అన్నాడు. ప్రభుత్వం ఏమంది? ఆ రూల్ రహస్యం, చూపించం అంది! కేసు కోర్టుకెళ్తే జడ్జిలు ఆ కాగితాన్ని తాము మాత్రమే చదువుకుని, 2006లో గిల్మోర్‌కి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. ఐడీ లేకపోతే ఎక్కువ తనిఖీ చేయించుకుని వెళ్లొచ్చు కదా అన్నారు. మనం పాటించాల్సిన రూల్, కానీ మనం చదవకూడదు. నాకు ఈ మొత్తం చరిత్రలో బాగా కోపం తెప్పించే ఘట్టం ఇదే. బూట్లు కాదు, క్యూ కాదు.

9/11 గురించి మీ అందరికీ తెలుసు, ఎక్కువ చెప్పను. ఒక్క విషయం. ఆ రోజు వరకు అమెరికాలో 4 అంగుళాల లోపు బ్లేడున్న కత్తి విమానంలోకి తీసుకెళ్లడానికి అనుమతి ఉండేది. ఆ తర్వాత రెండు నెలలకే, 2001 నవంబర్‌లో, టీఎస్‌ఏ అనే సంస్థని పుట్టించే చట్టం వచ్చింది. కాక్‌పిట్ తలుపులు గట్టిపడ్డాయి. బ్రూస్ ష్నయర్ అనే సెక్యూరిటీ నిపుణుడు ఎప్పుడూ చెప్పే మాట ఏంటంటే, 9/11 తర్వాత నిజంగా పనికొచ్చినవి రెండే. ఒకటి ఆ తలుపు, రెండు హైజాకర్‌ని ప్రయాణికులే తిరగబడి పట్టుకోవడం. మిగతా దానికి ఆయన పెట్టిన పేరు సెక్యూరిటీ థియేటర్, అంటే భద్రత నాటకం.

ఆ రెండోది రుజువవడానికి ఎంతో కాలం పట్టలేదు. 2001 డిసెంబర్ 22న పారిస్ నుంచి మయామీ వెళ్తున్న ఫ్లైట్‌లో రిచర్డ్ రీడ్ తన బూటులో ఉన్న బాంబుని అగ్గిపుల్లతో వెలిగించబోయాడు. అంటుకోలేదు. ఎయిర్‌హోస్టెస్‌లు, ప్రయాణికులు మీదపడి కట్టేశారు. సరదా ఏంటంటే, ఆ మర్నాటి నుంచే అందరి బూట్లూ విప్పించలేదు. అది అందరికీ తప్పనిసరి అయింది 2006 ఆగస్టులో, వేరే కుట్ర బయటపడినప్పుడు.

ఆ కుట్ర లండన్‌లో. కూల్‌డ్రింక్ సీసాల్లో ద్రవ పేలుడు పదార్థం నింపుకుని అట్లాంటిక్ దాటే విమానాల్ని పేల్చాలని ప్లాన్. 2006 ఆగస్టు 10 పొద్దున లేచేసరికి బ్రిటన్ ఎయిర్‌పోర్టుల్లో హ్యాండ్ బ్యాగే బంద్. పాస్‌పోర్టు, పర్సు లాంటివి కనపడే ప్లాస్టిక్ కవర్లో వేసుకుని ఎక్కమన్నారు. పసిపిల్లల పాలు ఉంటే తల్లి ముందు తాగి చూపించాలి. తర్వాత కాస్త సడలించి, సీసాకి 100 మిల్లీలీటర్లు, అన్నీ కలిపి ఒక చిన్న పారదర్శక సంచి అన్నారు. ఎమర్జెన్సీలో రాసిన టెంపరరీ ప్యాచ్ అన్నమాట. ఆ ప్యాచే ప్రపంచమంతా పాకింది. దాన్ని తీయడానికి బ్రిటన్ కొత్త సీటీ స్కానర్లు కొని, 2024 జూన్‌కల్లా పెద్ద ఎయిర్‌పోర్టులన్నిట్లో పెట్టేయాలని గడువు పెట్టుకుంది. చాలా చోట్ల కుదరలేదు. స్కానర్లు పెట్టుకుని రూల్ ఎత్తేసిన కొన్ని చిన్న ఎయిర్‌పోర్టుల్లో కూడా అదే నెలలో మళ్లీ 100 మిల్లీలీటర్లే అన్నారు. బ్రిటన్‌లో కొన్ని చోట్ల తర్వాత ఎత్తేశారు గానీ, చాలా దేశాల్లో ఆ చిన్న సంచి ఇంకా నడుస్తోంది.

అసలు ప్రశ్నకి వద్దాం. తీయడం ఎందుకంత కష్టం? దీనికి ఒక టెస్ట్ కేస్ ఉంది. 2013 మార్చిలో అప్పటి టీఎస్‌ఏ అధిపతి జాన్ పిస్టోల్, 6 సెంటీమీటర్ల లోపు చిన్న చాకుల్ని మళ్లీ అనుమతిస్తాం అన్నాడు. ఆయన వాదన సూటిగానే ఉంది. కాక్‌పిట్ తలుపు గట్టిది, చిన్న చాకుతో ఎవడూ విమానాన్ని కూల్చలేడు, మా వాళ్లు చాకులు వెతికే టైంలో బాంబులు వెతకనివ్వండి. వెంటనే ఫ్లైట్ అటెండెంట్లు భగ్గుమన్నారు. తలుపు గట్టిది సరే, తలుపుకి ఇవతల ఉండేది మేము కదా అన్నారు. వాళ్ల మాటలోనూ న్యాయముంది. జూన్‌లో పిస్టోల్ వెనక్కి తగ్గాడు.

ఇప్పుడు ఆ కుర్చీలో మీరు కూర్చున్నారనుకోండి. రూల్ అలాగే ఉంచితే రోజూ లక్షల మందికి తలా రెండు నిమిషాలు పోతాయి. ఆ నిమిషాలు ఎవరి ఖాతాలోనూ పడవు, మిమ్మల్ని ఎవరూ అడగరు. రూల్ తీసేశాక, వందలో ఒక వంతు ఛాన్సు, ఏదైనా జరిగితే? టీవీలో మీ ఫొటో, పార్లమెంటులో మీ పేరు. ఎవడు తీస్తాడు చెప్పండి?

పోనీ, ఇంత నిలబెట్టి చేసే తనిఖీ గట్టిగా ఉందా? 2015లో బయటికొచ్చిన ఒక రహస్య పరీక్ష ఫలితం చూడండి. ప్రభుత్వ మనుషులే మారువేషంలో నకిలీ బాంబులు, ఆయుధాలతో 70 సార్లు వెళ్తే, 67 సార్లు టీఎస్‌ఏ పట్టుకోలేకపోయింది. అధిపతిని వేరే పోస్టుకి మార్చారు. బూట్లు విప్పడం మాత్రం మారలేదు.

ఇంకో ముఖ్యమైన విషయం. రూల్ తీయలేనప్పుడు ఏం చేస్తారు? గట్టిగా అరిచేవాళ్లని లైన్లోంచి తప్పిస్తారు. 2011లో ప్రీచెక్ అనే పథకం మొదలైనప్పుడు ముందు పిలిచింది ఎవరినో తెలుసా? ఎయిర్‌లైన్స్ దగ్గర టాప్ కార్డులున్న ఫ్రీక్వెంట్ ఫ్లయర్లని. తర్వాత 2013 చివర్లో మామూలు జనానికీ తెరిచారు, ఐదేళ్లకి 85 డాలర్లు. వేలిముద్రలిచ్చి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించుకుంటే బూట్లు విప్పక్కర్లేదు, ల్యాప్‌టాప్ తీయక్కర్లేదు.

నాకు దీనిలోనే అసలు పేచీ. 1973కి ముందు ఎయిర్‌లైన్స్‌ని భయపెట్టిన ఆ చిరాకు ఉందే, అది రెగ్యులర్‌గా ఎగిరేవాడి చిరాకు. అతను పక్క లైన్లోంచి చకచకా వెళ్లిపోతే, రూల్ మార్చమని అడిగే గొంతే తగ్గిపోతుంది. మామూలు లైన్లో మిగిలేది ఎవరు? ఏడాదికోసారి ఎక్కేవాళ్లు. మనూరి నుంచి విజిటర్ వీసా మీద మనవణ్ని చూడ్డానికి వెళ్లిన అమ్మమ్మ. ఆవిడ ప్రీచెక్‌కి నేరుగా అప్లై చేయడానికి లేదు, అది పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకీ. 2025 దాకా మోకాళ్ల నొప్పితో వంగి బూట్లు విప్పాల్సి వచ్చేది. 75 దాటితే మినహాయింపు ఉండేది, 68 అయితే లేదు. గాజులకి మెషిన్ మోగితే పక్కకి పిలిచి తడుముతారు, ఏం చెప్తున్నారో అర్థం కాదు, వెనక క్యూ కదలమంటుంది. ఆవిడ ట్వీట్ పెట్టదు. కంప్లైంట్ రాయదు. కొడుకు అడిగితే బాగానే జరిగిందయ్యా అంటుంది.

మన దగ్గర ఈ కథ వేరే రూట్‌లో నడిచింది. 1999 డిసెంబర్‌లో ఐసీ-814 కాందహార్ హైజాక్ తర్వాత ఎయిర్‌పోర్టుల భద్రత సీఐఎస్ఎఫ్‌కి అప్పగించడం మొదలైంది, 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో. మీలో కొంచెం పాత ప్రయాణికులకి హ్యాండ్ బ్యాగ్ ట్యాగ్ మీద ముద్ర గుర్తుండే ఉంటుంది. సెక్యూరిటీ దాటాక బ్యాగ్‌కి కట్టిన కాగితం ముక్క మీద స్టాంప్ కొట్టేవాళ్లు. బోర్డింగ్ గేట్ దగ్గర ఆ స్టాంప్ కనపడకపోతే మళ్లీ వెనక్కి పొమ్మనేవాళ్లు, అవతల ఫైనల్ కాల్ మోగుతున్నా సరే.

దాన్ని మాత్రం మనవాళ్లు తీసేశారు. 2017 ఏప్రిల్ 1 నుంచి, హైదరాబాద్‌తో కలిపి ఏడు ఎయిర్‌పోర్టుల్లో. ముందు ట్రయల్ వేసి చూశారు, సీసీటీవీ కెమెరాలు సరిపోయేలా పెట్టారు, స్టాంప్ పోయింది. ఏ విమానానికీ ఏమీ కాలేదు. ఇప్పుడు శంషాబాద్‌లో సెక్యూరిటీ దాటుతున్న ఇరవై ఏళ్ల కుర్రాడికి అసలు అలాంటి స్టాంప్ ఒకటి ఉండేదనే తెలీదు.

100 మిల్లీలీటర్ల రూల్‌లో ఆవకాయ ద్రవమా ఘనమా అనే గొడవ చాలా పెద్దది, దానికి వేరే ఎపిసోడే కావాలి. వచ్చేవారం చూద్దాం. అప్పటిదాకా బై.