ఆంగ్లభాషలో నెల, తేదీ: ఒక పూర్వచరిత్ర

ఆంగ్లము నేర్చుకొను తెలుగు విద్యార్థిని తొలిదినములలో తికమక పెట్టునవి పెద్ద పదములు కావు. ‘ఇన్’, ‘ఆన్’, ‘ఎట్’ అను మూడు చిన్న మాటలు. నెలకును సంవత్సరమునకును ‘ఇన్’, తేదీకిని వారమునకును ‘ఆన్’, గంటకు ‘ఎట్’ అని ఉపాధ్యాయుడు నల్లబల్లమీద వ్రాయును. విద్యార్థి దానిని ఎక్కములవలె వల్లించి, పరీక్షలో తారుమారుచేసి, ఈ భాషకు నియమమే లేదని విసుగుకొనును. అయితే ఈ విభాగమును ఏ వ్యాకరణకర్తయు ఒక్కనాడు కూర్చుండి శాసింపలేదు. రోమకుల పంచాంగమును, మఠములలోని లేఖకుల అలవాట్లును, కౌలుదార్ల శిస్తు గడువులును కలసి శతాబ్దములపాటు దీనిని దిద్ది తీర్చినవి.

ప్రాచీన రోమకులు మనవలె ఒకటి మొదలుకొని నెల దినములను వరుసగా లెక్కించువారు కారు. నెలకు మూడు గుఱుతులు పెట్టుకొని, రాబోవు గుఱుతునకు ఇంకను ఎన్ని దినములున్నవో వెనుకకు లెక్కించుట వారి ఆచారము. నెల మొదటి దినము కాలెండ్స్. ఐదవదో ఏడవదో నోన్స్. పదుమూడవదో పదునైదవదో ఐడ్స్. అధికదినము లేని సంవత్సరమున ఫిబ్రవరి 27వ తేదీ వారికి మార్చి కాలెండ్సునకు ముందటి మూడవ దినము, ఏలయన లెక్కించునపుడు ఆ కాలెండ్సునుగూడ ఒకటిగా చేర్చుకొనెడివారు. ఐడ్స్‌నాడు జరిగినదని చెప్పవలసివచ్చినపుడు లాటిను భాషలో వేఱొక మాటతో పనిలేదు. నామమునకు చేరిన విభక్తియే ఆ యర్థమును మోయును.

విభక్తులు అరిగిపోవుచున్న ఆంగ్లమునకు ఆ సౌకర్యము క్రమముగా తప్పిపోయెను. ఇంగ్లండు ఉత్తరభాగమున జారో మఠములో నివసించిన బీడ్ పండితుడు 725లో కాలగణనమునుగూర్చి రచించిన గ్రంథమున తన జాతివారి పూర్వపు నెలల పేళ్లను ఉదాహరించెను. 731లో ముగించిన చరిత్రగ్రంథముద్వారా క్రీస్తుశకగణనమును వ్యాప్తికి తెచ్చెను. ఆ తరువాతి శతాబ్దములలో దేశభాషా గ్రంథములు ఎక్కువగా వెలసిన పశ్చిమ సాక్సను మాండలికమున ‘ఆన్’ అను మాటయే నేటి ‘ఇన్’ చేయు పనినిగూడ చేయుచుండెను. సంవత్సరమైనను, దినమైనను దానికి భేదము లేదు. ఆ పాత ‘ఆన్’ నేటికిని ఒకచోట మాఱువేషముతో నిలిచియున్నది. దినమునకు రెండుమారులు అనుటకు ఆంగ్లేయులు ‘ట్వైస్ ఎ డే’ అందురు. అందలి ‘ఎ’ని మన పిల్లలు ఒకటి అను అర్థమిచ్చు ఉపపదముగా తలంతురు. నిజమునకది అరిగి చిక్కిన ‘ఆన్’.

మధ్యయుగమున ‘ఇన్’ మరల బలపడి తన పాలు తాను తీసికొనెను. లోపల ఇమిడియుండుటకు అనువైన విస్తారము గల కాలము, అనగా నెలయు, ఋతువును, సంవత్సరమును, దాని వశమాయెను. పేరుపెట్టి చూపదగిన ఒక్కొక్క దినము ‘ఆన్’కు మిగిలెను. ఇక ‘ఎట్’ మాట. ఆ కాలపు ఆంగ్లేయ రైతునకు తేదీల అంకెలతో అక్కఱ తక్కువ. శిస్తు చెల్లింపునకు గడువులు పండుగలే: మార్చి 25న మరియమ్మ పండుగ, జూన్ 24న యోహాను పండుగ, సెప్టెంబరు 29న మైఖేలు పండుగ, ఆపైని క్రిస్మసు. గడువునకు విస్తారము లేదు. అది దారిలో నాటిన రాయివంటిది. కనుక పండుగకు ‘ఎట్’ అమరెను. నేటికిని క్రిస్మసు రోజులను మొత్తముగా చెప్పునపుడు ‘ఎట్’ అనియు, ఆ ఒక్క దినమునే చెప్పునపుడు ‘ఆన్’ అనియు ఆంగ్లేయులు వాడుచున్నారు. 1611లో వెలువడిన ఆంగ్ల బైబిలు అనువాదమున, నోవహు ఓడ కొండపై నిలిచిన ఘట్టమున, నెలకు ‘ఇన్’, దినమునకు ‘ఆన్’ పక్కపక్కనే కనిపించును.

ఆ 1611వ సంవత్సరమందే ఆంగ్లేయ వర్తకుల ఓడ మచిలీపట్నపు రేవునకు వచ్చెను. డచ్చివారు అప్పటికే అచ్చట స్థిరపడియుండిరి. డచ్చి కంపెనీవారు సంస్కరింపబడిన గ్రెగరీ పంచాంగమును పాటించిరి. పోపు చేసిన సంస్కారమును ఒల్లని ఇంగ్లండు పాత జూలియను పంచాంగమునే పట్టుకొనియుండెను. అందుచేత ఆ శతాబ్దమున ఒకే యూరిలో, ఒకే ఉదయమున, ఆంగ్లేయ గుమాస్తా 1670 ఫిబ్రవరి 10 అని వ్రాయునప్పుడు డచ్చి గుమాస్తా 20 అని వ్రాయవలెను. అంతటితో తీరలేదు. ఆంగ్లేయుల సంవత్సరము మార్చి 25న మారెడిది గనుక మొదటివాడు 1669 అనియు 1670 అనియు రెండంకెలను జోడించి చూపెడివాడు. గోలకొండ సుల్తాను కొలువునకు అది హిజరీ 1080. తెలుగు కరణమునకు శాలివాహన శకము 1591, సౌమ్యనామ సంవత్సరము. సరకు ముట్టవలసిన గడువును ఒప్పుకొనువేళ ఎవరి తేదీయని అడుగక తీరదు.

ఈ చిక్కు 1752లో కొంత సడలెను. పార్లమెంటు చట్టము ననుసరించి ఆ యేట సెప్టెంబరు 2 బుధవారము గడచినంతనే 14 గురువారము వచ్చెను. సంవత్సరాదియు జనవరి 1కి మారెను. ఆ చట్టము రాజు ఏలుబడిలోని దేశములకెల్ల వర్తించెను. అయినను మన పల్లెలలో భూమిశిస్తు లెక్కలు ఫసలీలలోనే సాగినవి. ఇన్ని గణనములను ఒకదానితో నొకటి పోల్చి చూచుకొనుటకై సి. పి. బ్రౌను 1850లో తెలుగు, కన్నడ దేశముల చరిత్రకు ఉపకరించు సంవత్సరచక్ర పట్టికలను ప్రకటించెను. కచేరీలలో మన గుమాస్తాలు ఈ నెలకు ‘ఇన్‌స్టంట్’ అనియు, గతమాసమునకు ‘అల్టిమో’ అనియు ఆంగ్ల లేఖలలో వ్రాయుట నేర్చిరి. తెలుగు దస్తావేజులలో ‘తా॥’ అను పొడియక్షరము తారీఖునకు గుఱుతై నిలిచెను.

ఇంత చరిత్ర గల నియమమును మన పిల్లలు గుడ్డిగా కంఠస్థము చేయనక్కఱలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున విభక్తులుగా చూపిన ప్రత్యయములలోనే దీని తాళపుచెవి కలదు. జనవరిలో అందుము, పదునైదవ తేదీన అందుము, ఐదు గంటలకు అందుము. లోపలికి ‘లో’, దినమునకు ‘న’, బిందువునకు ‘కు’. అల్లుడు సంక్రాంతికి వచ్చుననుటకును, సంక్రాంతినాడు వచ్చుననుటకును గల భేదము ఎఱిగిన బాలునకు క్రిస్మసు విషయమున ‘ఎట్’, ‘ఆన్’ల భేదము అపరిచితము కాదు. పోలిక అంతటను నిలువదనుట నిజమే. ఉదయమున అనుదానికి ఆంగ్లమున ‘ఇన్’ వచ్చును. వచ్చే నెలలో అనుదానికి ‘నెక్స్ట్ మంత్’ చాలును, ముందు ఏ మాటయు కూడదు. ఇట్టివి నాలుగైదు మాత్రమే వేఱుగా చెప్పవలసినవి. ఉపాధ్యాయులు మొదట తెలుగు ప్రత్యయములను బల్లమీద వ్రాయించి, వానికెదురుగా ఆంగ్లపు మాటలను నిలిపి, పిదప అపవాదములను బోధింతురుగాక.