ఇషా తర్వాత, ఫజర్‌కు ముందు



మా ఇంట్లో రెండు గడియారాలు నడుస్తాయి. ఒకటి మా అమ్మీది. ఇషా నమాజు కాగానే నాలుగు ముద్దలు తిని పడుకుంటుంది. మూడున్నరకల్లా లేచి తహజ్జుద్‌కు నిలబడుతుంది. రెండోది మా అమ్మాయిది. ఇంటర్ రెండో సంవత్సరం. రాత్రి పదకొండు దాటితేగాని దానికి చదువు ఎక్కదు. రెండింటికి పడుకుంటుంది. ఫజర్‌కు లేపితే సగం నిద్రలోనే వుజూ చేసి, నమాజు ముగించి, మళ్లీ దుప్పటి కప్పుకుంటుంది.

"సూరజ్ సర్ పే ఆగయా, అభీ తక్ సోరీ! ఇంట్లో బరకత్ ఎక్కణ్ణుంచి వస్తుంది?" అని అమ్మీ. "దాదీ, మీరు పడుకున్నాక అయిదు గంటలు నేను మేలుకునే ఉన్నాను, ఆ లెక్క ఎవరు రాస్తారు?" అని మనవరాలు. చివరికి ఇద్దరూ ఫైసలా కోసం నా దగ్గరికొస్తారు. "తారీఖ్ కితాబులు చదువుతావు కదా, మన పెద్దలు ఎలా ఉండేవారో చెప్పు" అని అమ్మీ హుకుం. సరే అని కితాబులు తీశాను. జడ్జి గారి సొంత హాలత్ ఏమిటో తర్వాత చెబుతాను.

ముందు అమ్మీ పక్షం. ఆమె చేతిలో రెండు గట్టి సాక్ష్యాలు ఉన్నాయి. మొదటిది, అబూ బర్జా (రజి) రివాయత్. ఇషాకు ముందు పడుకోవడం, ఇషా తర్వాత కబుర్లాడటం, రెండూ రసూలుల్లాహ్ (సల్లం) వారికి నచ్చేవి కావు. రెండోది, సఖ్ర్ అల్ గామిదీ (రజి) రివాయత్. తన ఉమ్మత్‌కు తెల్లవారి వేళల్లో బరకత్ ప్రసాదించమని ప్రవక్త దుఆ చేశారు. ఎక్కడికైనా దళాన్ని పంపాలంటే ఉదయమే పంపేవారు. ఈ సఖ్ర్ గారు తాజిర్, వ్యాపారస్తుడు. దుఆ విన్న మనిషి ఊరుకుంటాడా? తన సరుకును కూడా పొద్దున్నే పంపడం మొదలుపెట్టారు, బాగా సంపన్నులయ్యారు. ఈ చివరి ముక్క విన్నప్పుడల్లా అమ్మీ ముఖం వెలిగిపోతుంది.

ఇషా తర్వాత కబుర్లంటే అప్పట్లో చిన్న విషయం కాదు. అరబ్బుల్లో దానికి ఒక పేరే ఉంది, సమర్. పగలంతా ఎండ. రాత్రి చల్లబడ్డాక వెన్నెట్లో కూర్చుని కథలు, కవిత్వం, వంశాల గొప్పలు. అది వాళ్ల సినిమా, వాళ్ల టీవీ, అన్నీ. అంత షౌఖ్‌గా జరిగే మహఫిల్‌ను ఇష్టపడలేదంటే మనుషుల అలవాటు మీద ఎంత పెద్ద మాటో ఊహించండి.

అయితే ఇమామ్ బుఖారీ (రహ్) తన సహీహ్‌లో ఈ సమర్‌ను ఒకచోట పెట్టి వదిలేయలేదు. ఇషా తర్వాత కబుర్లు మక్రూహ్ అని ఒక బాబ్ పెట్టారు. దాని తర్వాత, దీన్‌ను అర్థం చేసుకోవడానికి, మంచి పనికి ఇషా తర్వాత మాట్లాడుకోవడం గురించి మరో బాబ్ పెట్టారు. ఇల్మ్ అధ్యాయంలో అయితే చదువు కోసం రాత్రి మేలుకోవడం మీద విడిగా ఇంకో బాబ్. ముస్లింల వ్యవహారాల గురించి రసూలుల్లాహ్ (సల్లం) రాత్రి పూట హజ్రత్ అబూబక్ర్ (రజి) తో మాట్లాడుతూ కూర్చునేవారని, తాను కూడా ఉన్నానని హజ్రత్ ఉమర్ (రజి) చెప్పిన రివాయత్ తిర్మిజీలో ఉంది. మా అమ్మాయి ఇది విని "చూశారా!" అంది. అమ్మీ వెంటనే, "వాళ్లు ఉమ్మత్ గురించి మాట్లాడారు, నువ్వు మీ దోస్తులతో మెసేజులు పెడతావు" అంది.

ఈ ఇద్దరి వాదన ఎంత పాతదో చెప్పే రివాయత్ ఒకటి అబూ దావూద్‌లో ఉంది. విత్ర్ ఎప్పుడు చదువుతావని ప్రవక్త హజ్రత్ అబూబక్ర్‌ను అడిగారు. రాత్రి మొదట్లోనే, పడుకోక ముందే అన్నారు ఆయన. అదే మాట హజ్రత్ ఉమర్‌ను అడిగారు. రాత్రి చివర్లో అన్నారు ఆయన. ఒకరిది జాగ్రత్త, ఇంకొకరిది బలం అని ఇద్దరినీ మెచ్చుకున్నారు తప్ప నువ్వు ఇతనిలా ఉండమని ఎవరికీ చెప్పలేదు. ఉమ్మత్‌లోని ఇద్దరు అతి పెద్ద మనుషుల తబియత్‌లే వేరు. నేను ఇది చదివి కాసేపు కితాబు మూసి కూర్చున్నాను.

అలాగని హద్దు లేకపోలేదు. అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) యువకుడిగా ఉన్నప్పుడు రోజూ ఉపవాసం, రాత్రంతా నమాజు మొదలుపెట్టారు. ప్రవక్తకు సంగతి తెలిసి పిలిపించారు. నీ శరీరానికి నీపై హఖ్ ఉంది, కళ్లకు హఖ్ ఉంది, భార్యకు హఖ్ ఉంది అని చెప్పారు. అల్లాహ్‌కు ఎక్కువ ఇష్టమైనది హజ్రత్ దావూద్ (అలై) నమాజు అని కూడా ఆయనకే చెప్పారు. సగం రాత్రి నిద్ర, మూడో వంతు నమాజు, మిగిలిన ఆరో వంతు మళ్లీ నిద్ర. పన్నెండు గంటల రాత్రి అనుకుంటే ఆరు, నాలుగు, రెండు. అంటే మొత్తం ఎనిమిది గంటల నిద్ర! మనకు డాక్టర్లు చెప్పే లెక్కే. తేడా ఒక్కటే, మధ్యలో లేవాలి. దీనికి తోడు ఖైలూలా, మధ్యాహ్నం కునుకు. జుమా రోజుల్లో నమాజు తర్వాతే తినేవాళ్లం, కునుకు తీసేవాళ్లం అని సహ్ల్ బిన్ సాద్ (రజి) చెప్పారు. తహజ్జుద్ గురించి గంట సేపు బయాన్ ఇచ్చేవాళ్లు ఖైలూలా గురించి ఒక్క మాటైనా ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

నాకు అన్నిటికంటే నచ్చింది హజ్రత్ అబూ హురైరా (రజి) ఇల్లు. అబూ ఉస్మాన్ అనే ఆయన ఆ ఇంట్లో ఏడు రాత్రులు మెహమాన్‌గా ఉండి చూసింది బుఖారీలో ఉంది. అబూ హురైరా, ఆయన భార్య, ఖాదిమ్, ముగ్గురూ రాత్రిని మూడు భాగాలు చేసుకున్నారు. ఒకరు నమాజు చదివి ఇంకొకరిని లేపాలి, ఆ లేచినవారు చదివి మూడోవారిని లేపాలి. ఇల్లంతా ఒకేసారి పడుకునేది కాదు, ఒకేసారి లేచేదీ కాదు. ఫ్యాక్టరీ షిఫ్టులాగా వంతులు.

ఇక దీనికి రెండో వైపు. హజ్రత్ ఉమర్ ఖిలాఫత్ కాలం. ఒకరోజు ఫజర్ జమాఅత్‌లో సులైమాన్ బిన్ అబీ హస్మా కనబడలేదు. ఉమర్ బజారుకు వెళ్తున్నారు. మస్జిద్‌కూ బజారుకూ మధ్యనే వాళ్ల ఇల్లు. దారిలో సులైమాన్ తల్లి షిఫా (రజి) కలిశారు. ఈమె మామూలు మనిషి కాదు, చదవడం రాయడం వచ్చిన కొద్దిమందిలో ఒకరు. మీవాడు ఫజర్‌కు రాలేదేం అని అడిగారు ఉమర్. రాత్రంతా నమాజులో ఉన్నాడు, చివర్లో నిద్ర ముంచుకొచ్చింది అన్నారు ఆ తల్లి. రాత్రంతా నిలబడి చదవడం కంటే ఫజర్ జమాఅత్‌కు రావడమే నాకు ఎక్కువ ఇష్టం అని ఉమర్ జవాబిచ్చారు. ఇమామ్ మాలిక్ ముఅత్తాలో ఉన్న సంగతి ఇది. మేలుకున్నది ఇబాదత్ కోసమే అయినా, ఉదయాన్ని మింగేస్తే లెక్క కుదరలేదన్నమాట.

చదువు కోసం మేలుకున్న వారి మాట చెప్పాలంటే ఇమామ్ బుఖారీనే (810–870) తీసుకోవచ్చు. ఆయన రాతకోతలు చూసిన శిష్యుడు ప్రయాణాల్లో ఆయనతోపాటే పడుకునేవాడు. ఇమామ్ గారు ఒక్క రాత్రిలో పదిహేను, ఇరవై సార్లు లేచేవారు. ప్రతిసారీ చెకుముకి రాయి కొట్టి, చిరాగ్ వెలిగించి, హదీసుల మీద గుర్తులు పెట్టి, మళ్లీ పడుకునేవారు. ఇన్నిసార్లు మీరే లేస్తారు, నన్ను లేపరేం అని శిష్యుడు అడిగాడు. నువ్వు కుర్రవాడివి, నీ నిద్ర పాడుచేయడం నాకు ఇష్టం లేదు అని ఇమామ్ గారి జవాబు. ఇది అమ్మీకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం ఎండెక్కే దాకా మనవరాలి గది తలుపు కొట్టలేదు.

చీకట్లో లేచిన వాళ్లకు టైమ్ ఎలా తెలిసేది? దీని మీద బాబర్ బాద్‌షా రాసుకున్న ముచ్చట ఒకటి ఉంది. హిందుస్తాన్‌లో రాత్రీ పగలూ కలిపి ఎనిమిది పహర్‌లు, అరవై ఘడీలు. పహర్ అంటే మన తెలుగు జామే, మూడు గంటలు. ఘడీ అంటే గడియ, 24 నిమిషాలు. అడుగున రంధ్రం ఉన్న గిన్నెను నీళ్లలో పెడతారు, అది నిండితే ఒక గడియ. అప్పుడు వేలాడగట్టిన ఇత్తడి పళ్లెం మీద ఘడియాలీలు కొడతారు. బాబర్‌కు ఇందులో ఒక లోపం కనిపించింది. నడిరాత్రి మెలకువ వచ్చిన మనిషికి మూడు దెబ్బలో నాలుగు దెబ్బలో వినిపిస్తాయి సరే, అది రెండో పహరా, మూడో పహరా? అందుకని రాత్రిపూట, మబ్బు పట్టిన రోజున, ఘడీ దెబ్బల తర్వాత పహర్ సంఖ్యను కూడా కొట్టమని హుకుం ఇచ్చాడు. నిద్రపట్టని బాద్‌షా మాత్రమే ఇవ్వగల హుకుం అనిపిస్తుంది నాకు. ఆ పహర్‌లే మన ఇళ్లలో దోపహర్‌గా, పొరుగిళ్లలో తెల్లవారుజాముగా ఇప్పటికీ ఉన్నాయి.

ఆయన మునిమనవడి కొడుకు షాజహాన్ (పాలన 1628–1658) పొద్దు పొడవడానికి రెండు గంటల ముందే లేచేవాడు. నమాజు, తిలావత్ అయ్యాక, సూర్యుడు వచ్చిన ముప్పావుగంటకు ఝరోకాలో కనిపించేవాడు. కింద జనం నేరుగా ఫిర్యాదులు చెప్పుకునే వేళ అది. రాత్రి పది ప్రాంతంలో పడక. పరదా వెనక కూర్చుని ఒకరు పుస్తకం చదివి వినిపిస్తుంటే నిద్రపోయేవాడు. అందులో బాబర్ రాసుకున్న కథ కూడా ఉండేదట.

మరి అర్ధరాత్రి దాకా కబుర్లాడే అలవాటు మన సమాజాల్లోకి మళ్లీ ఎలా వచ్చింది? ఇక్కడ తారీఖ్ ఒక చమత్కారం చేసింది. 15వ శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో కునుకు పట్టకుండా ఉండటానికి ఖహ్వా తాగడం మొదలుపెట్టారు. ఖాహిరాలో యెమెనీ సూఫీలు వారానికి రెండు రాత్రులు ఎర్రమట్టి పాత్రలో దాన్ని పెట్టుకుని, చిన్న గరిటెతో వంతుగా కుడి వైపు నుంచి అందించుకుంటూ జిక్ర్ చేసేవారు. అంటే కాఫీ పుట్టింది తహజ్జుద్ వాళ్ల కోసం! కానీ నిద్రను ఆపే మందుకు మనం ఎందుకు మేలుకున్నామో తెలియదు కదా. 1511లో మక్కాలో ముహ్తసిబ్ ఖైర్ బేగ్ ఒక రాత్రి మస్జిద్ దగ్గర లాంతర్లు పెట్టుకుని కొందరు ఏదో తాగుతుండటం చూశాడు. ఆయన రావడం చూసి వాళ్లు లాంతర్లు ఆర్పేశారు. ఆయన అనుమానం పెరిగింది. ఆలిములను పిలిపించి నిషేధం పెట్టించాడు, ఖహ్వా గింజలను వీధుల్లో కాల్పించాడు. ఖాహిరా నుంచి సుల్తాన్ ఫర్మాన్ పూర్తి నిషేధానికి ఒప్పుకోలేదు. 1550లలో ఇస్తాంబుల్‌లో హలబ్ నుంచి ఒకరు, దమిష్క్ నుంచి ఒకరు వచ్చి ఖహ్వాఖానాలు తెరిచారు. ఇక చదరంగం, కవిత్వం, రాజకీయం, పుకార్లు. సమర్ తిరిగి వచ్చేసింది, ఈసారి డబ్బులు పుచ్చుకుని. 1633లో సుల్తాన్ నాలుగో మురాద్ వాటిని మూయించాడు. ఎన్నాళ్లు మూసి ఉంచగలరు?

ఇప్పుడు జడ్జి గారి హాలత్.

మొన్నటి చలికాలంలో ఒక రాత్రి మూడున్నర. నేను హాల్లో సోఫాలో ఉన్నాను, ఫోన్ చేతిలో. పదకొండుకు అజాన్ టైమ్ చూద్దామని తీసిన ఫోన్. ఒక వీడియో తర్వాత ఇంకొకటి. చదువూ కాదు, ఇబాదతూ కాదు, ఎవరితో కబుర్లు కూడా కాదు. అమ్మీ గది తలుపు తెరుచుకుంది. చీకట్లో నన్ను చూసి ఆగింది. "మాషా అల్లాహ్, మేరా బచ్చా ఉఠ్ గయా" అంది. చలిగా ఉందని నా వుజూకు నీళ్లు వేడి పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. నేను ఫోన్ దిండు కింద తోసేశాను. కాదమ్మా, ఇంకా పడుకోనే లేదని చెప్పలేకపోయాను. ఆ నీళ్లతో వుజూ చేసి ఆమె వెనక నిలబడ్డాను. ఏం చదివానో గుర్తులేదు. సులైమాన్ తల్లి ఉమర్‌కు చెప్పింది నిజం. మా అమ్మీ మాత్రం ఆ వారమంతా ఫోన్‌లో మా చెల్లెళ్లకు నా తహజ్జుద్ గురించి చెప్పుకుంది.

ఈ కితాబులన్నీ చదివి అమ్మీకీ అమ్మాయికీ వినిపించాక, ఫైసలా నేను చెప్పకముందే మా అమ్మాయి చెప్పేసింది. దానికి అబూ హురైరా ఇల్లు నచ్చింది. "అబ్బా, నేను ఎలాగూ ఒంటిగంట దాకా చదువుతాను. పడుకునే ముందు రెండు రకాత్‌లు చదివి దాదీ అలారం పెట్టి వెళ్తాను. దాదీ లేచి చదివి మిమ్మల్ని లేపాలి. మీరు ఫజర్‌కు నన్ను లేపాలి. అందరి ఫోన్లు వంటింట్లో." రెండింటి పడకను ఒంటిగంటకు జరుపుకుంది, అది కూడా గమనించండి. అమ్మీ ఒప్పుకుంది, ఎండెక్కాక ఒక కునుకుకు కూడా ఇజాజత్ ఇచ్చింది.

జుమేరాత్ రాత్రి మొదలుపెట్టాం. నేను పదిన్నరకే పడుకున్నాను. నాలుగింటికి అమ్మీ వచ్చి భుజం తట్టింది. లేవలేదు. మళ్లీ తట్టింది. చివరికి దుప్పటి లాగేసి, పక్కన కూర్చుని అడిగింది, "క్యా రే, ఆరోజు నేను లేపకుండానే నాకంటే ముందు లేచావు, ఇవాళ ఏమైంది?"

నేను లేచి కూర్చుని, ఆ రాత్రి సంగతి చెప్పాను.