కృష్ణ ఒడ్డు రవ్వ – ఆంగ్ల నవల

డిటెక్టివ్ నవలలంటే మన ఇళ్లలో పెద్దలకూ పిల్లలకూ కూడా ప్రీతియే. ఇంగ్లీషులో ఆ తరహా రచనకు ఒరవడి పెట్టినవాటిలో విల్కీ కాలిన్స్ వ్రాసిన 'ది మూన్‌స్టోన్' ముఖ్యమైనది. 1868 జనవరి నుండి ఆగస్టు వరకు చార్లెస్ డికెన్స్ వారపత్రిక 'ఆల్ ది యియర్ రౌండ్'లో వెలువడి, ఆ ఏడే మూడు సంపుటాలుగా అచ్చయింది. ఒకవంక తల్లి మరణశయ్యపై ఉండగా, కీళ్లవాతంతో మంచం పట్టిన రచయిత కొంతభాగం నోటితో చెప్పి వ్రాయించాడు.

కథకు మొదలు మనం బ్రతకవచ్చిన ఈ కన్నడనాటనే. 1799లో టిప్పుసుల్తాను కోట శ్రీరంగపట్నం కూలిననాడు, ఒక ఆంగ్ల సైనికాధికారి కావలివారిని బలిగొని దేవుని వజ్రాన్ని అపహరిస్తాడు. అదే వజ్రం ఇంగ్లండులో మాయమైతే వెదకడానికి సార్జెంటు కఫ్ వస్తాడు.

కాలిన్స్ తన పీఠికలో కోహినూరును తలచాడు. అది గుంటూరు సీమలో, కృష్ణ ఒడ్డున, కొల్లూరు గనిలో పుట్టిందని ప్రతీతి. 1849లో లాహోరు ఒడంబడికతో ఆంగ్లేయుల వశమైంది. నవలలోని వజ్రం చివరకు సోమనాథం చేరింది. కోహినూరు నేటికీ తిరిగి రాలేదు.

దొంగ ఎవరన్నదే కాక, సొమ్ము ఎవరిదన్న ప్రశ్న కూడ ఒక ఆంగ్లేయుడే వేశాడు. హట్టి బంగారు గనుల నీడన పెరుగుతున్న మన పిల్లలు ఆ నవల తప్పక చదవాలి.