అనాఫిలాక్సిస్

అనాఫిలాక్సిస్ అనగా హఠాత్తుగా కలిగే తీవ్రమైన ఎలర్జీ ప్రతిచర్య. ఇది ప్రాణాంతకం కావచ్చును. దీనిని 1902లో వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్తలలో ఒకరైన షార్ల్ రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించినది.

కారణాలు

పెన్సిలిన్ వంటి మందులు, తేనెటీగ లేదా కందిరీగ కుట్టడం, వేరుశనగ, రొయ్యలు మొదలైనవి. ఉబ్బసం అదుపులో లేనివారికి ముప్పు ఎక్కువ.

లక్షణాలు

దద్దుర్లు, నాలుక వాపు, ఆయాసం, రక్తపోటు పడిపోవడం.

నర్సుల బాధ్యత

ఇంజెక్షనుకు ముందే రోగికి పూర్వం పడని మందులను అడిగి, కేసు షీటులో నమోదు చేయాలి. ప్రతిచర్య కనిపించిన వెంటనే ఆ మందును ఆపి, వైద్యుని పిలవాలి. తొడ వెలుపలి కండరంలో ఇచ్చే అడ్రినలిన్ ప్రధాన చికిత్స. పెద్దలకు మోతాదు 0.5 మి.గ్రా. ఎలర్జీ మాత్రలు దీనికి ప్రత్యామ్నాయం కావు. రోగిని పడుకోబెట్టాలి, నడిపించరాదు, ఆయాసముంటే కూర్చోబెట్టవచ్చును. కొన్ని గంటల తరువాత లక్షణాలు తిరగబెట్టవచ్చును కనుక పరిశీలనలో ఉంచాలి.