సెయింట్ పాట్రిక్స్ హైస్కూలు, ఇటెన్
సెయింట్ పాట్రిక్స్ హైస్కూలు కెన్యాలోని ఎల్గెయో-మరక్వెట్ కౌంటీలో, ఇటెన్ వద్ద ఉన్న ప్రభుత్వ బాలుర ఉన్నత పాఠశాల. మధ్య, సుదూర పరుగు పందేల క్రీడాకారులకు ప్రసిద్ధి. రిఫ్ట్ లోయ అంచున, సముద్రమట్టానికి సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉంది. ఐరిష్ కాథలిక్ సంఘమైన పాట్రీషియన్ బ్రదర్స్ దీన్ని 1960ల ఆరంభంలో నెలకొల్పింది. 1976లో భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడిగా వచ్చిన బ్రదర్ కోలమ్ ఓకానెల్, అథ్లెటిక్స్‌లో పూర్వ శిక్షణ లేకపోయినా, విద్యార్థుల పరుగు శిక్షణను చేపట్టారు.

పూర్వ విద్యార్థుల్లో పీటర్ రోనో 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 1,500 మీటర్ల పరుగులోనూ, మాథ్యూ బిరిర్ 1992 బార్సిలోనాలో 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లోనూ స్వర్ణాలు సాధించారు. ఇబ్రహీం హుస్సేన్ 1988లో బోస్టన్ మారథాన్ గెలిచిన తొలి ఆఫ్రికన్. తర్వాత డెన్మార్క్ తరఫున పరుగెత్తిన విల్సన్ కిప్‌కెటర్ 1997లో నెలకొల్పిన 800 మీటర్ల ప్రపంచ రికార్డు (1:41.11) 2010 వరకు నిలిచింది. విజేతల పేరిట ఆవరణలో చెట్టు నాటి, పేరుపలక అమర్చడం ఇక్కడి ఆనవాయితీ. ఇటెన్ అంతర్జాతీయ పరుగు శిక్షణ కేంద్రంగా ఎదగడంలో ఈ పాఠశాల పాత్ర ప్రధానమైనది.