అడోబీ ఎయిర్

అడోబీ ఎయిర్ వెబ్ పరిజ్ఞానంతో రాసిన అప్లికేషన్లను బ్రౌజర్‌తో పనిలేకుండా డెస్క్‌టాప్ ప్రోగ్రాములుగా నడిపే రన్‌టైమ్ సాఫ్ట్‌వేర్. హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ లేదా ఫ్లాష్ తెలిసినవారు ఒకే కోడ్ రాసి విండోస్, మ్యాక్ రెండింటికీ ప్రోగ్రాము అందించడానికి ఇది వీలు కల్పించింది.

చరిత్ర

అపోలో అనే సంకేతనామంతో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఆల్ఫా రూపం 2007 మార్చిలో వెలువడింది. అదే ఏడాది జూన్‌లో దీనికి ఎయిర్ అని పేరు పెట్టారు. 1.0 వెర్షన్ 2008 ఫిబ్రవరి 25న విడుదలైంది. ఆ ఏడాది చివర్లో 1.5 వెర్షన్‌తో లినక్స్‌కూ వచ్చింది, కానీ 2011లో ఆ మద్దతు ఆపేశారు. 2010లో ఆండ్రాయిడ్ ఫోన్లకు విస్తరించింది.

నిర్మాణం

వెబ్ పేజీలను చూపడానికి వెబ్‌కిట్, ఫ్లాష్ ఫైళ్లకు ఫ్లాష్ ప్లేయర్ ఇంజన్, సమాచారం దాచడానికి ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఇందులోనే ఉంటాయి. అందువల్ల నెట్ లేనప్పుడు రాసినది కంప్యూటర్‌లోనే భద్రపరచి, కనెక్షన్ రాగానే సర్వర్‌కు పంపేలా ప్రోగ్రాము రాసుకోవచ్చు.

డాట్ ఎయిర్ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలు. అందులో కోడ్‌తోపాటు ప్రోగ్రాము ఐడీ, వెర్షన్, మొదటి విండో వివరాలు తెలిపే ఎక్స్‌ఎంఎల్ ఫైలు, డిజిటల్ సంతకం ఉంటాయి.

భద్రత

బ్రౌజర్‌లోని పేజీ ఇష్టం వచ్చినట్టు హార్డ్‌డిస్క్‌లోని ఫైళ్లను తెరవలేదు, ఎయిర్ ప్రోగ్రాము తెరవగలదు. అందుకే సంతకం తప్పనిసరి చేశారు. తయారీదారు తనంతట తాను సృష్టించుకున్న సర్టిఫికెట్ వాడితే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రచురణకర్త ఎవరో తెలియదన్న హెచ్చరిక కనిపిస్తుంది. ఫైళ్లు తెరిచే అధికారం ప్యాకేజీలోని కోడ్‌కే దక్కుతుంది, నెట్ నుంచి దిగే పేజీకి దక్కదు.

వాడుక

ట్వీట్‌డెక్ తొలి రూపం, ఈబే డెస్క్‌టాప్, బీబీసీ ఐప్లేయర్ డెస్క్‌టాప్ దీనిపైనే నడిచాయి. తొలినాళ్లలో వాడేవారు రన్‌టైమ్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాల్సి వచ్చేది. 2011లో వచ్చిన 3.0 వెర్షన్‌తో దాన్ని ప్రోగ్రాములోనే కలిపి ఇచ్చే వీలు కలిగింది. తర్వాత ఇలాంటి పనికే గిట్‌హబ్ రూపొందించిన ఎలక్ట్రాన్ అనే సాఫ్ట్‌వేర్ కూడా క్రోమియం బ్రౌజర్ ఇంజన్‌ను, జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్ జేఎస్‌ను ప్రతి ప్రోగ్రాములోనూ చేర్చే పద్ధతినే అనుసరించింది. దీనివల్ల ఇన్‌స్టాల్ సులువవుతుంది, ఫైలు సైజు మాత్రం పెరుగుతుంది.

ప్రస్తుత స్థితి

2019లో ఎయిర్ అభివృద్ధి బాధ్యతను అడోబీ హార్మన్ సంస్థకు అప్పగించింది. 2020 ఆఖరుతో ఫ్లాష్ ప్లేయర్‌కు అడోబీ మద్దతు ముగిసి, బ్రౌజర్లలో ఫ్లాష్ నిలిచిపోయినా, సొంత ఇంజన్ ఉన్న ఎయిర్ ప్రోగ్రాములు ఆగలేదు. హార్మన్ కొత్త వెర్షన్లు విడుదల చేస్తూ వచ్చింది.