ఆక్యుపంక్చర్ చికిత్స

ఆక్యుపంక్చర్ అనేది చర్మంపై నిర్ణీత స్థానాల్లో సన్నని సూదులు గుచ్చి ముఖ్యంగా నొప్పిని తగ్గించే, చైనాలో పుట్టిన చికిత్సా పద్ధతి. 1938లో చైనాకు వెళ్లిన భారత వైద్య బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు దీన్ని 1959లో కలకత్తాకు తెచ్చారు. కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో గుర్తింపునిచ్చింది.

మందు ఎక్కించని ఈ సూది మందం సుమారు 0.25 మిల్లీమీటర్లు. గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది, ఆపై బరువు, తిమ్మిరి తెలుస్తాయి; సాధారణంగా 20–30 నిమిషాలకు తీసేస్తారు. ఒక్క విడతతో గుణం కనిపించడం అరుదు. ఇదంతా నమ్మకం వల్ల కలిగే ఉపశమనమేనన్న ఆక్షేపణను తేలిగ్గా తోసిపుచ్చలేం. 2018లో 39 పరీక్షల్లోని 20,827 మంది వివరాలను కలిపి విశ్లేషించినప్పుడు, దీర్ఘకాలిక నొప్పుల్లో అసలు సూదులు ఉత్తుత్తి సూదుల కంటే మెరుగ్గానే పనిచేశాయి, కాని ఆ తేడా చిన్నది. ఆక్యుపంక్చర్ అసలు చేయించుకోనివారితో పోల్చినప్పుడే అది పెద్దది. కనుక ఆశించదగింది నొప్పి తగ్గడమే, రోగం కుదరడం కాదు. ఖమ్మం–భద్రాచలం అడవి అంచున ఈ హద్దు ప్రాణాలకు సంబంధించినది: మిరప కోతలతో ముదిరిన నడుంనొప్పికి సూదులు పనికిరావచ్చు, మలేరియా జ్వరానికి రక్తపరీక్ష, మాత్రలు, విషపు పాముకాటుకు ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు తప్ప వేరే దారి లేదు. ఒకసారి వాడిన సూదినే మరొకరికి గుచ్చితే హెపటైటిస్-బి సోకే ప్రమాదం ఉంది.